వెన్నకే ఉపవాసం

డిరె దావాలో నది ఉంది గానీ నీళ్ళుండవు.
ఇసుక. ఇసుకలో ఒంటెల అడుగులు, పాత టైర్లు,
పొద్దుట పూట ఉల్లిపాయల సంత.
అటు ఒడ్డున రైలు కంపెనీ కట్టిన వీధిలో నువ్వు,
ఇటు మెగాలాలో, కుట్టుమిషను పట్టగా మిగిలిన గదిలో నేను.
దాటడానికి నాలుగు నిమిషాలు.
ఎంగిదా, నువ్వు ఆరేళ్ళు దాటావు.

మతెబ్ అంటారు మీరు,
బాప్తిస్మం నాడు మెడకు కట్టే నల్లతాడు.
నా గడప తొక్కిన రోజు నీ మెడలో అది లేదు.
తాడంత సన్నగా, రంగు తగ్గిన గీత మాత్రం ఉంది.
నా కోసం తీసేశావనుకున్నాను.
ఆ గీతను వేలితో చూసుకుని
మా అమ్మకు కబురు పెట్టాను:
"సగం దూరం వచ్చాడు. మిగతా సగం నేను నడుస్తాను."
అది నీ చొక్కా జేబులో, అగ్గిపెట్టెలో,
చుట్టచుట్టుకుని పడుకుందని నాకేం తెలుసు.

బుధవారం రావు. శుక్రవారం రావు.
"సోమ్" అన్నావు. ఉపవాసం.
ఇంకేం అడగలేదు.
పరాయి దేవుణ్ణి ఆరా తీయడం మర్యాద కాదని పెంచారు నన్ను.
రంజాను పగళ్ళలో నేను నీళ్ళు ముట్టనట్టు
ఆ రోజుల్లో నువ్వు ఆడదాన్ని ముట్టవనుకున్నాను.
నీ క్యాలెండరు నీకంటే బాగా నేర్చుకున్నాను,
పదమూడు నెలల ఏడాది, యాభై ఐదు రోజుల పెద్ద ఉపవాసం.
నువ్వు రాని సాయంత్రాలు
కాఫీ మూడో కప్పు పోసి, నీ వైపు పెట్టి, చల్లారనిచ్చేదాన్ని.
చెప్పడానికి సిగ్గు గానీ
నీ భక్తి మీద కొంచెం అసూయ కూడా.

కారం అమ్మే అస్కాలె
నోట్లో నువ్వుగింజ నానని మనిషి.
బెర్బెరే తూస్తూ తూస్తూ అనేసింది:
"ఉపవాసం వెన్నకే పిల్లా, దారికి కాదు.
మీ ఎంగిదా శుక్రవారాలు హరార్ బస్సెక్కుతాడు.
వుబాలెం మళ్ళీ నెల తప్పింది, తెలీదూ?"
తూకం చూసుకోమంది.
చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

ఆ రాత్రి అడిగితే నీ గొంతు వణకలేదు.
పెద్దవాళ్ళు చేసిన పెళ్ళి అన్నావు, గుడిలో జరిగింది, తెంచరానిది.
"అయినా మీవాళ్ళలో నలుగురి దాకా చెల్లుతుంది కదా, ఫెతియా."

ఆ మాట దగ్గర ఆగిపోయాను.
ఆరేళ్ళూ నా గురించి నువ్వు అనుకున్నది ఇదన్నమాట.
మా నాన్నకు మా అమ్మ ఒక్కతే.
ఆ ఒక్కదానికే భయపడి చచ్చేవాడు.

అప్పుడు చెప్పాను, చెప్పకూడనిది.
నీకు టైఫాయిడ్ వచ్చిన వారం
శిలువ గుర్తు మాంసం కొట్టు మూసి ఉంది.
నెలవంక కొట్టు నుంచి మేక ఎముకలు తెచ్చి పులుసు కాచాను.
"మీ కొట్టుదే" అని చెంచా నోట్లో పెట్టాను.
మూడు గిన్నెలు తాగావు. బతికావు.

నువ్వు ఏడ్చావు, ఎంగిదా.
వుబాలెం పేరెత్తితే తడవని కళ్ళు
మేక పేరెత్తగానే.
వాకిట్లోకి పోయి గొంతులో వేలు పెట్టుకున్నావు,
నాలుగేళ్ళ కిందటి పులుసు కక్కడానికి.

నవ్వొచ్చింది. కాసేపటికి రాలేదు.
తడిగుడ్డతో గొంతు కోయడం
మనిద్దరికీ వచ్చన్నమాట.
నాది ప్రేమతో ఆడిందని వాదించను,
అబద్ధం అబద్ధమే.
కానీ ఆ మేక మెడ మీద కత్తి పడేముందు
ఎవరో ఒక దేవుడి పేరు పలికారు.
నా దగ్గర నువ్వు ఏ పేరూ పలకలేదు.

మొన్న కొండల్లో ఎక్కడో వాన.
ఇక్కడ చుక్క లేదు. అర్ధరాత్రి నది వచ్చింది,
టైర్లనూ, సంత గుడారాలనూ, ఎవరిదో గాడిదనూ పట్టుకుపోయింది.
తెల్లారేసరికి మళ్ళీ ఇసుక.
అస్కాలె తడిసిన మిరపకాయలు ఎండబెట్టుకుంటోంది.

ఇవాళ శుక్రవారం.
కూరలో వెన్న వెయ్యబోతే, ఎందుకో, చెయ్యి ఆగింది.
ఆగినందుకు నా మీద నాకే కోపమొచ్చి
రెండు చెంచాలు వేశాను.