చెవిటి దిక్కు

నెల్లిమర్లలో, మూతబడ్డ జనపనార గోదాములో
మా కంపెనీ. పదకొండు మందిమి, ఒక జనరేటరు.
పళ్లెమంత పలక మీద పదహారు రాగి బిళ్లలు
టంకం పెట్టి అతికిస్తాను నేను.

పొద్దున్నించీ పరీక్ష.
చంపావతి అవతలి గట్టున తవిటినాయుడు
జామర్ పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన మజ్జిగ సీసా.
తెర మీద రొద తప్ప మరేం లేదు.

క్యారేజీ తెచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగి
"ఏటే గుంటా, ఆ గోల?" అంది.
చెప్పాను: శత్రువు అరుస్తాడు, మన మాట మునిగిపోతుంది.

నవ్వింది. ఇరవయ్యేళ్లు ఇదే రేకుల కింద
మగ్గాల మోతలో పనిచేసిన మనిషి.
రెండు వేళ్లు ఆడించింది: దారం తెగింది.
గెడ్డం గోక్కుంది: మేస్త్రీ వస్తన్నాడు.
"అరిసినోడితో మనం అరవకూడదు.
ఆడికేసి సెవుడు పెట్టుకోవాల.
కావలసినోలకేసే కళ్లు."

నాలుగూ పదికి
యాంటెన్నా సరిగ్గా అదే చేసింది.
తవిటినాయుడి దిక్కున లోతుగా గొయ్యి తవ్వుకుని
మెడ కదపకుండానే
గుట్ట మీది మా రేడియోకేసి తిరిగింది.
"ఒకటి, రెండు, మూడు... వినిపిస్తోందా?"

గొయ్యి లోతు డెసిబెల్సులో రాసుకున్నారు.

ఖాళీ క్యారేజీతో గేటు దాకా వెళ్లిన అమ్మ
వెనక్కి తిరిగి
గెడ్డం గోక్కుంది.
నేను తల తిప్పలేదు.
టంకం కర్ర అందుకున్నాను.