లాటు నంబరు లేని బుట్ట

పాత టేబుల్ ఫ్యాను ముందు జాలీ
తిరగేస్తే బుట్ట.
లోపల చిరిగిన మిర్చి గోతం పరిచాను,
మూడుసార్లు ఉతికి ఆరేసి.
అయినా మట్టి పోస్తుంటే తుమ్మొచ్చింది.

కొమ్మ ఇచ్చింది రాహేలు సిస్టరు.
దసరా సెలవుల్లో నర్సింగు పిల్లల్ని ఊటీ తీసుకెళ్ళి
తడి జేబురుమాల్లో చుట్టి తెచ్చింది,
పురిటిబిడ్డని తెచ్చినట్టు.
"జెరేనియం. కిందికి పాకుద్ది.
పైన ఎక్కడన్నా కట్టు" అంది.
పైనంటే మాకు బోలెడుంది.
కిందే లేదు.
సంగడిగుంటలో మేడమీద రేకుల గది,
మెట్లు ఇంటాయనవి,
పెరడు ఇంటాయనది,
వసారా కొక్కెం మాత్రం మాది.

కణుపు కింద కోసి
ఒక పూట నీడలో పడేసి
గాయం ఆరాక ఇసకలో గుచ్చాను.
చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుని.
ఈ చేత్తో కళ్ళు నులుముకోను,
పిల్లదాని బుగ్గ పట్టుకోను.
రోజంతా తేజ కాయ తొడిమలు తీసిన చెయ్యి,
రాత్రి మజ్జిగలో ముంచితే గాని నిద్రపోదు.
కొమ్మ ఏమీ అనలేదు.
ఇరవయ్యో రోజున
గోరంత ఆకు.

నీళ్ళ సంగతి చూపుతో తెలీదు.
అరచెయ్యి బుట్ట కింద పెట్టి ఎత్తాలి.
బరువుంటే ఊరుకోవాలి,
తేలిగ్గా లేస్తే చెంబుడు.
కాటా మీద టిక్కీ ఎంత తూగుద్దో
ఎక్కించకముందే చెప్పే మనిషిని,
నాకీ లెక్క కష్టమా?
మొదటి నెల ముద్దుతో ముంచి
రెండు కొమ్మలు కుళ్ళబెట్టాను. అది వేరే సంగతి.

మాఘం కల్లా పూసింది.
వాడిన పువ్వుని కాడతో సహా తుంచితేనే
కొత్తది వస్తుందంట.
వేలి మీద కాడ ఆనించి
బొటనవేలితో టక్‌మని.
అరె, తొడిమ తీసినట్టే!
కిలోకింతని ఎవరూ లెక్కకట్టని తొడిమలు
నా చేతికి అవే.
ఆకు నలిపితే ఒక వాసన.
ఏం వాసనో చెప్పలేను.
మిర్చి కానిది. అంతే.

కొమ్మలు మూరెడు మూరెడు జారాయి.
కింద వాటాలో హుస్సేన్‌బీ
గిన్నెలు తోముతూ తలెత్తి
"మీ పూలు మా ఇంటికొచ్చేశాయే" అంది.
"రానీ. అద్దె అడగవుగా" అన్నా.

తర్వాత ఎండలు.
ఆకుల అంచులు ఎర్రబడ్డాయి
కళ్ళంలో కాయలా.
తడిగుడ్డ కట్టా. గదిలోకి మార్చా.
రేకుల కింద మాకే ఊపిరాడదు.
ఒక్కో కొమ్మా తాలు అవుతోంది.
సిస్టరుకి ఫోను చేస్తే
"అది చల్లటి దేశపు మొక్క తల్లీ, పోతే పోనీ" అంది.

గుంటూరులో చల్లటి దేశం ఉంది.
నాకు దారి కూడా తెలుసు.

నల్లపాడు రోడ్డు కోల్డ్ స్టోరేజీ,
గేటు దగ్గర కోటిలింగం.
కొంగు కప్పి ఒళ్ళో పెట్టుకుంటే
ఆటో అబ్బాయి ఆసుపత్రికా అని అడిగాడు.
బయటి తలుపుకీ గోదాం తలుపుకీ నడుమ
చిన్న గది, పైన గాజు కిటికీ.
చలి సగం, వెలుగు సగం.
"సూపర్వైజరు చూస్తే?"
"నాదని చెప్పు."
"ఇక్కడ నంబరు లేంది ఏదీ ఉండకూడదమ్మా."
అటూ ఇటూ చూసి
సుద్దముక్కతో గోడ మీద రాశాడు:
రైతు, నా పేరు.
సరుకు, పువ్వు.
టిక్కీలు, ఒకటి.
నంబరు దగ్గర కాసేపు ఆగి
గీత గీసి వదిలేశాడు.

ఇప్పుడు రోహిణి కార్తె.
తలుపు అవతల వేల టిక్కీలు
ధర కోసం పడుకుని ఉన్నాయి.
ఇవతల ఇది, వాన కోసం.
పని దిగాక వెళ్ళి ఎత్తి చూస్తున్నా.
నిన్న తేలిగ్గా లేచింది. చెంబుడు పోశాను.
మిగిలిన ఒకే కొమ్మ మీద
కణుపు దగ్గర చీమతలంత పచ్చన.
చిగురేనేమో. కాదేమో.
తడిమి చూద్దామని వేలు చాపి
చెయ్యి గుర్తొచ్చి
వెనక్కి తీసుకున్నా.