అంతేనా

గొడుగు ఎత్తి పట్టుకోవడం నా ఉద్యోగం.
వానకీ కాదు, ఎండకీ కాదు,
వెనకాల వచ్చే ముప్పైమందికి ఆనవాలుగా.
పసుప్పచ్చ గొడుగు. ఒక పుల్ల విరిగింది.
ప్రాగ్ నగరం మొత్తం రెండున్నర గంటల్లో చూపిస్తాను,
మధ్యలో ఒంటేలు విరామంతో కలిపి.

వంతెన మీద బారులు తీరిన రాతి మనుషులు.
ఒకాయన కాళ్ళకింది ఇత్తడి పలక
తాకిన చేతులకి అరిగి బంగారమైపోయింది.
మళ్ళీ ఈ ఊరు రావాలనుంటే తాకండి అంటాను.
తాకుతారు.
ఇక్కడ నిలబడ్డవాళ్ళు చాలామంది నకళ్ళనీ
అసలువాళ్ళు వాన తగలనిచోట దాక్కున్నారనీ చెప్పను.
చేతులు వెనక్కి తీసుకుంటే చూళ్ళేను.

కర్రకి చుట్టి, కాల్చి, పంచదార అద్దిన రొట్టె
తాతలనాటిదంటాను.
మా తాత దాని మొహం ఎరగడు.

ఇక గడియారం.
గంటగంటకీ రెండు కిటికీలు తెరుచుకుంటాయి,
పన్నెండుమంది శిష్యులు వరసగా తొంగిచూసి వెళ్ళిపోతారు.
కింద అస్థిపంజరం తాడు లాగుతుంది, రా రమ్మని.
అద్దం పట్టుకున్నవాడూ డబ్బుసంచి పట్టుకున్నవాడూ
తల అడ్డంగా ఊపుతారు, ఇప్పుడే కాదని.
ఆఖర్న కోడి కూస్తుంది, జలుబు చేసిన గొంతుతో.
నిమిషం పట్టదు మొత్తం.
ఇది చేసినవాడి కళ్ళు పీకించారన్న కథ
రోజుకి మూడుసార్లు చెబుతాను.
కట్టుకథేనంటారు చరిత్ర తెలిసినవాళ్ళు.
వాళ్ళు టిప్పు ఇవ్వరు.

ఆ పక్క సందులో పదిహేడు మెట్లు దిగితే
వ్లాస్తా.
ఇరవైరెండేళ్ళుగా అదే కుర్చీ,
గాజుగిన్నెలో చిల్లర, ఒళ్ళో ఊలుబంతి, ఫినాయిలు వాసన.
ఆవిడకి గడియారంతో పనిలేదు.
మెట్లమీద చెప్పు చప్పుడు ఆగిపోయిందంటే
గంట కొట్టబోతోంది.
వరద పడిందంటే కొట్టేసింది.
దిగుతూ దిగుతూ అందరూ ఒక్కమాటే అంటారు,
ఎవరి భాషలో వాళ్ళు.
జపాను మాటలో మంచినీళ్ళేమిటో ఆవిడకి తెలీదు,
టర్కీ మాటలో దండం పెట్టడం తెలీదు.
'అంతేనా' మాత్రం పంతొమ్మిది భాషల్లో వచ్చు.

నువ్వెప్పుడైనా చూశావా అని అడిగాను.
"ఆ నిమిషమేగా నాకు తుడుచుకోడానికి దొరికేది" అంది.

మూతులకి గుడ్డలు కట్టుకున్న ఆ వసంతంలో
సరిహద్దులు మూసేశారు.
నా గొడుగు తలుపుమూల తలకిందులుగా నిలబడింది.
తాళాలు అప్పజెప్పడానికి వచ్చిందట వ్లాస్తా,
పదకొండుకి ఇంకా నాలుగు నిమిషాలుండగా.
చౌకంతా పావురాలు. ఒక పోలీసు.
మా గొడుగులూ మా గుంపులూ లేకపోతే
ఈ ఊరికి తెల్లారదనుకున్నాం, మా కోడీ మా కుంపటీ అని.
అసలు కోడి గోడమీదే ఉంది.
ఎవరూ లేకపోయినా కూస్తోంది.

తలెత్తి చూసిందట.
డబ్బుసంచి వాణ్ణి చూడగానే నవ్వొచ్చిందట.
"వీడిదీ నాదీ ఒకటే కొలువు, చిల్లర చప్పుడు.
కాకపోతే వీడు వద్దు వద్దంటున్నాడు,
నేనెప్పుడూ ఎవర్నీ వద్దనలేదు."
కోడి కూసింది. కిటికీలు మూసుకున్నాయి.
పంతొమ్మిది భాషలూ నాలుక చివరికొచ్చి
ఒక్కటీ బయటికి రాలేదట.

పోలీసు వచ్చి ఇంటికెళ్ళమన్నాడు.
నువ్వు చూశావా అని అడిగింది.
తొమ్మిదేళ్ళుగా ఇక్కడే డ్యూటీ, జేబుదొంగల్ని చూస్తాను అన్నాడు.
ఇద్దరూ రెండు బారల దూరంలో నిలబడి
పన్నెండు దాకా ఆగారు.
పన్నెండు గంటలూ లెక్కపెట్టారు.

ఇప్పుడు మళ్ళీ గుంపులు. మళ్ళీ నేను, పుల్ల విరిగిన గొడుగు.
నిన్న ఎవరో పిల్లాడు మెట్లు దిగుతూ
ఆవిడ వినని భాషలో ఆ మాట అన్నాడట.
ఆపి, మళ్ళీ అనిపించుకుని,
రసీదు వెనకాల ఇరవయ్యోదిగా రాసుకుంది.
ఏ దేశమో అడగటం మర్చిపోయిందట.
చివర్న 'నా' అని సాగుతుందట, ఎవర్నో పిలిచినట్టు.
వాడి దగ్గర చిల్లర తీసుకోలేదు.