బోలు కాడ

వోరు ఊరి చివర, రైళ్ళు ఆగడం మానేసిన స్టేషను వెనక
మా దాణా కొట్టు.
జనవరిలో తలుపు తెరవాలంటే భుజంతో గుద్దాలి.

ఆ పొద్దున సున్నాకి కింద ఇరవై రెండు డిగ్రీలు.
మొదటి బేరం ఓ పిల్లాడు, టావెట్.
చేతి తొడుగులోంచి చిల్లర బల్ల మీద గుమ్మరించాడు.
"ఎండుకసవు కావాలి. అన్నిటికన్నా ఖరీదైంది."
మీకు ఎన్ని ఆవులురా అన్నాను.
ఆవుల్లేవట. కోతమిల్లు కాపలా కుక్క పొంటు,
దాని గూట్లో పక్క వెయ్యడానికట.

ముందు వాళ్ళ నాన్న పాత కోటు పరిచాడు.
కుక్క ఊపిరికే తడిసి, తెల్లారేసరికి
కోటు చెక్కయింది. వేలితో కొడితే టకటకమంది.
తర్వాత పక్కింటి మేకల ముందున్న కసవు
ఓ మోపు తెచ్చేశాడు.
తెచ్చేశాను అన్నాడు. అడిగి తెచ్చాడో లేదో నేనడగలేదు.
అదీ నీళ్ళు తాగి, ముద్దకట్టి, రాయయింది.

వాణ్ణి ఏమంటాం.
బట్టల మిల్లు మూతపడి ఈ కొట్లో చేరిన కొత్తలో
గుర్రాల ఎర్నా గారికి కసవు బదులు
పది మోపులు గోధుమగడ్డి కట్టి పంపాను నేను.
రెండూ పచ్చగానే ఉన్నాయి కదా!
మర్నాడు ఆవిడ ఒక పరక పట్టుకొచ్చి
నా ముక్కు కింద పెట్టి, "ఇదిగో, నువ్వు తిను" అంది.
నమిలాను. ఏ రుచీ లేదు. మింగుడు పడలేదు.
గడ్డి తిని నేర్చుకున్న విద్య ఇది.

"కళ్ళు మూసుకో" అన్నాను టావెట్‌తో.
ఒక గుప్పెడు ముక్కు దగ్గర పెట్టాను.
"టీ" అన్నాడు. "కాదు, అమ్మమ్మ దిండు. కాదు, జూన్."
కసవు అది. కంకి పట్టకముందే కోసి,
పువ్వూ ఆకూ ఉండగానే ఎండబెట్టింది.
రెండో గుప్పెడు పెట్టాను.
చాలాసేపు పీల్చి, "దుమ్ము" అన్నాడు నిరాశగా.

దుమ్మే. గింజ మరకి పోయాక మిగిలిన కాడ.
విరిచి చూడు. చటుక్కుమందా? కసవు ఇలా అనదు, వంగుతుంది.
ఇప్పుడు ఆ చివర్లోంచి చూడు.
వాడు ఒక కన్ను మూసి చూశాడు,
కాడలోంచి నన్నూ, త్రాసునీ, కిటికీ మంచునీ.
తర్వాత నోట్లో పెట్టి ఊదాడు. పలకలేదు. మళ్ళీ ఊదాడు.

కసవు తడిని తాగుతుందిరా, ఇది పక్కకి జారుస్తుంది.
ఆ బోలులో కుక్క ఒంటి వేడి దూరి కూర్చుంటుంది.
బార్లీది తీసుకోకు, మీసాలుంటాయి, కళ్ళలో గుచ్చుకుంటాయి.
గూడు ముప్పాతిక నింపు, అదిమిపెట్టకు,
దాని గుంట అదే తవ్వుకుంటుంది.
పైన దుప్పటి మాత్రం వద్దు.

"లోపల ఏమీ లేనిదే వెచ్చగా ఉంచుతుందా?"
ఆఁ.
"మరెందుకు చవక?"

తూకం రాళ్ళు సర్దుతున్నట్టు నటించాను.

ఎర్రటి ప్లాస్టిక్ బండి మీద మోపు కట్టుకుని,
సగం దూరం వెళ్ళి వెనక్కొచ్చాడు.
మిగిలిన నాణెం చూపించాడు:
"దీనికి ఒక గుప్పెడు కసవు వస్తుందా? తినడానిక్కాదు. వాసనకి."
లోపల పెట్టనని ఒట్టేశాడు, గుమ్మం పైన కడతాడట.
నాణెం తీసుకున్నాను. కొట్టు నాది కాదుగా.

చలి కాస్త విరిగిన రోజు అటుగా వెళ్ళాను.
గూట్లోంచి ఒక ముక్కు బయటికి ఉంది,
దాని మీద ఒక గడ్డిపరక, ఊపిరికి కదులుతూ.
గుమ్మం పైన దారం ఉంది, కసవు లేదు.

పక్కింటి మేక పొంటుకి అందనంత దూరంలో నిలబడి,
ఎటో చూస్తూ, తాపీగా నములుతోంది.