బిల్లులో గడి లేదు

నూట ఎనభై అడుగులు. ఒకటిన్నర హెచ్‌పీ మోటారు.
సీతంపేట దాటి, ఘాటు మలుపుల పైన
తవిటమ్మ బోరుకి నేను రాసిన బిల్లు అంతే.

పుష్యమాసం. మంచు
టార్చి వెలుగుని రెండడుగుల్లోనే మింగేస్తోంది.
పాలిథిన్ గుడారంలో ట్రేల నిండా కొబ్బరిపొట్టు,
పదిహేను రోజులైనా కన్ను తెరవని మిరప గింజలు.
టమాటా నారు లేచింది గానీ
ఆకుల అడుగు ఊదా తిరిగింది,
చలికి పెదాలు కమిలిన పిల్లల్లా.

స్టార్టరు బాగుచేసి, గ్రీజు చేతులు
పైపు కింద పెట్టి ఉలిక్కిపడ్డాను.
నీళ్లు వెచ్చన.
ఇప్పుడే ఎవరో లేచి వెళ్లిన దుప్పటి లోపలంత వెచ్చన.
"ఏటి బావూ, ఇప్పుడు తెలిసిందేటి?
సలికాలం నాను గిన్నెలు తోమేది ఈ నీల్లతోనే.
కిందనున్నోడికి కాలం తెలీదు" అంది తవిటమ్మ.

ఇరవై ఏళ్లుగా బోర్లు వేస్తున్నాను.
రాయా, మన్నా, ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాల నీరు,
భూమిని ఇవే అడిగాను.
ఒంట్లో ఎలా ఉందని
ఒక్కసారీ చెయ్యి వేసి చూడలేదు.

నా షెడ్డులో పడున్న నల్లపైపు
మెలికలు తిప్పి ట్రేల కింద పరిచాం.
బోరు నీళ్లు ముందు నారు కింద నడిచి
ఒంట్లో వేడి అక్కడ దించుకుని
ఆ తర్వాతే వంగతోటకి పోవాలి.
గుడారం గోడలకి లోపల చెమట పట్టింది.
వారం తిరక్కుండా ఒక గింజ
నెత్తిమీది పొట్టు తియ్యకుండానే
మెడ వంచి బయటికి చూసింది.

ఆ మర్నాటి రాత్రి కరెంటు పోయింది.
లైన్‌మన్ ఫోను ఎత్తలేదు.
వీధి చివర చేతిపంపు కొట్టి, బిందెలతో మోసి
ట్రేల మధ్య పెట్టిందట, తెల్లారేదాకా,
చల్లారినవి తీసి, వెచ్చనివి పెట్టి.
నేను వెళ్లేసరికి
తలుపు పక్క రెండు ట్రేలు వాలిపోయాయి.
ఏడవలేదు. లెక్కపెట్టింది.
నూట తొంభై ఆరు.

మాఘం చివర, సంతలో నారు కట్టలు అమ్మి
నా బాకీ పట్టుకొచ్చింది.
చీర చెంగుకి కొబ్బరిపొట్టు ఇంకా అంటుకునే ఉంది.
"బిల్లు సరిగా రాయి బావూ, అన్నీ రాయి."

అడుగులకి గడి ఉంది. అంగుళాలకి ఉంది.
పైపుకీ, కూలికీ ఉంది.
అంచున, గీతలు లేని చోట
'వెచ్చన' అని రాసి
ధర దగ్గర చిన్న గీత గీశాను.

"గీతేటి?" అంది.
తెలీదన్నాను.