తావులు

నిన్న ప్రొద్దుటూరు బస్సు దిగి
సంచిలోంచి నిన్ను బయటికి తీస్తే
ఇల్లంతా చెప్పులంగడి వాసన.
నల్లట్ట, జిప్పు, అంచులకు బంగారు పూత.
ఆరు వందల ఇరవై.
పెద్దచ్చుది ఇయ్యమంటే అంగడాయన
"కంటికా పెద్దమ్మా, వయసుకా?" అని నగినాడు.
రెండిటికీ ఒకటే రేటు గదా నాయనా, అన్యా.

తెరిస్తే
నీ పేజీలు ఒకదాన్నొకటి ఇడిసిపెట్టవు,
కొత్త కోక మడతల మాదిరి.
తడి వేలితో ఒక్కొక్కటే విడదీసుకుంటా కూసున్యా.
పటుక్కు, పటుక్కు.
ఇంకా ఎవరూ నడవని బాట.

పాతదానికి వెన్ను ఇరిగింది.
గోతాల దబ్బనంతో మూడుసార్లు కుట్టినాను.
మైదా ఉడకబెట్టి అంటిస్తే
ఆ జిగురుకు వచ్చిన బొద్దింకలు
యోబు కష్టాల్లో సగం తినేసినాయి.
మిగిలిన సగమే నాకు సరిపోయింది.

నాకు అధ్యాయాలూ, వచనాల నెంబర్లూ నిలవవు.
పాస్టరయ్య నెంబరు చెప్పేలోపల
నా వేలు పోయి తావు మీద కూసుంటాది.
ఎడమ పక్క, అడుగున, పసుపు మరకను ఆనుకొని: ఓదార్పు.
కుడి పక్క, చిరిగిన మూలకు పైన: ఇల్లిడిసి పోయి తిరిగొచ్చిన కొడుకు.
బస్సు టికెట్టు పెట్టిన కాడ: రొట్టెలు, చేపలు, గడ్డి మీద కూసున్న జనం.
ఆ టికెట్టు ఎర్రగుంట్ల నుంచి కడప పెద్దాస్పత్రికి.
పెద్దలు రెండు.
వచ్చేటప్పుడు టికెట్టు తీసుకునే పని పడలేదు.

పాలీషు ఫ్యాక్టరీలో పదహారేండ్లు
మధ్యాన్నం సద్దిగిన్నె పక్కన దాన్ని తెరిచినందుకు
ప్రతి మడతలోనూ బండల పిండి.
పేజీ తిప్పితే వేలికి గరుకు.
దేవుని మాట గరుగ్గానే ఉంటాదనుకున్యా ఇన్నేండ్లు.
అదే పిండి మా జకరయ్య రొమ్ములో గూడా చేరింది.
ఫోటో పట్టి చూసి డాక్టరు ఏందో ఇంగ్లీషు పేరు చెప్పినాడు.
నేను పేరడగలేదు. రంగు చూసినాను.

అక్షరాలు గూడా దాంట్లోనే నేర్చుకున్యా.
అందరూ దాటేసి పోయే పేర్ల వరసలుంటాయి చూడు,
ఫలానాయన కొడుకు ఫలానాయన,
నోరు తిరగని ఆ పేర్లన్నీ
హాజరు పిలిచినట్టు కూడబలుక్కుంటా చదివినాను.
ఆ ఎండాకాలమే
మేస్త్రీ హాజరు పుస్తకంలో నా పేరు నేనే చదివి
రెండు దినాలు తక్కువేసినావప్పా, అన్యా.
వాడు నా మొగం చూడలా. వేలు చూసినాడు.

వెనక ఖాళీ కాగితంలో
ఆదెమ్మకు బాకీ మూడు నూర్ల నలభై, కొట్టేసినాను.
కింద జకరయ్య పోయిన తేదీ.
పద్నాలుగని రాసి పదహైదని దిద్దినాను,
అర్ధరాత్రి దాటిందని నర్సమ్మ చెప్పినాక.
నీ వెనక కాగితంలో రంగురంగుల దేశపటం.
రాసుకునేదానికి జాగా యాడుంది?

నీలో అందరూ ఇండ్లు మారినారు.
కొడుకు ఎడమ పక్కకు పోయినాడు.
ఓదార్పు మాట మధ్యలో తెగి
పేజీ తిప్పేదాకా నన్ను నిలబెడతాంది.
అవే మాటలు గదత్తా, అంటాడు మా తమ్ముని కొడుకు ఎలీషా.
అవే.
అడ్రసు పట్టుకొని వీధి వీధీ అడుగుతాండాను, అంతే.

పాతదాన్ని గౌరవంగా పూడ్చమన్యాడు పాస్టరయ్య.
సరే అని
పొద్దున గుడ్డలో చుట్టబోతే
మడతల్లోంచి జలజల రాలింది
చాప మీద, పిడికెడు గూడా లేదు.
ఊదబోయి ఆగినాను.
చీపురుకు చేయి రాలేదు.

దాన్ని బియ్యం డబ్బా మీదికే మళ్లీ ఎక్కించినాను.

నువ్వు రా.
జిప్పు ఇప్పి పెట్టినాను, సద్ది కట్టినాను,
సంకటి, ఉల్లిగడ్డ, ఊరిమిండి.
నీకు మరకలు నేను పెట్టను.
అవి అడగకుండానే వస్తాయి.