సులువు అని రాసిన నడక

కరపత్రంలో మా నడక పేరు పక్కన
ఆకుపచ్చ బూటు బొమ్మ ఒక్కటే ఉంటుంది.
ఒక్క బూటంటే సులువు.
మూడు మైళ్లు, రెండు గేట్లు, ఒక చెక్క వంతెన,
చివర టీ దొరుకుతుంది.

బుధవారం పదింటికి హాగ్‌థ్వెయిట్ చర్చి గోడ దగ్గర కలుస్తాం.
ముందు నడిచేది డోర్కస్ ఆల్డర్సన్.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ లోయలో ఉత్తరాలు పంచింది.
ఏ ఇంటి కుక్క ఏ కాలు పట్టుకుంటుందో ఇప్పటికీ చెబుతుంది,
ఆ కుక్కలన్నీ ఎప్పుడో పోయినా.
అందరికన్నా వెనక ఎడ్విన్, కొత్త మోకాలితో.
మోకాలి సంగతి అడక్కండి.
అడిగితే ఏటి దాకా అదే కథ.

లోయలో దారి మాకన్నా నిదానం.
ఏరు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది.
నీళ్లు పాలు కలపని టీ రంగు:
పైన మూర్ మీద నల్లమన్నులో నానిన వాన
దిగి దిగి ఇక్కడికొచ్చేసరికి అంత చిక్కబడుతుంది.
రాయి మీద డిప్పర్ పిట్ట ఒకటి
ఆగకుండా గుంజీలు తీస్తోంది,
బడిలో ఏం తప్పు చేసిందో.

వంతెన దాటాక గొర్రెల బాట.
ఎక్కుడే, కానీ కాళ్లకి తెలియనివ్వని ఎక్కుడు.
మాటలు పలచబడ్డప్పుడు తెలుస్తుంది.
ఎడ్విన్ కథ కూడా ఆపరేషన్ బల్ల మీదే ఆగిపోయింది.
గోడ వెంట గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయి బరువు రాయి మోసుకుంటూ.
గోడ అడుగున గొర్రె పట్టేంత కంత,
కంత అంచున చిక్కుకున్న ఉన్ని.

పైకెక్కామో లేదో, చెట్టన్నది లేదు.
ఆకాశానికి ఎవరో మూత తీసేశారు.
హెదర్ పూతకి ఇంకా రెండు నెలలుంది,
అంతవరకూ కొండంతా మాడిన అట్టు.
ఎక్కడో కర్లూ పిట్ట
గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తోంది.

మా అమ్మ కాలంలో ఇక్కడ అడుగేస్తే
మోకాలి దాకా దిగబడేది, బూటు మిగిలితే అదృష్టం.
ఇప్పుడు బండలు పరిచారు.
కొండకవతల ఊళ్లల్లో నూలు మిల్లులు కూల్చినప్పుడు
నేల ఊడదీసి, హెలికాప్టర్‌కి వేలాడగట్టి తెచ్చారు.
ఇప్పుడంతా నల్లేరు మీద బండి నడకే.

ఒక బండ మధ్యలో రెండు గుంటలు,
పక్కపక్కనే, జోడు కొలతలో.
డోర్కస్ కర్రతో తట్టి
"మగ్గం ముందు ఎవరో నిలబడ్డ చోటు" అంది.
అని, ముందుకెళ్లిపోయింది.

నేను వెళ్లలేదు.

మా అమ్మమ్మ జెమైమాకి చెవుడు.
నాలుగు మగ్గాల మోతలో పోయిందట, పాతికేళ్లకే.
శబ్దం లేకుండా, పెదాలు పెద్దవి చేసి మాట్లాడేది నాతో.
నాకు ఆ భాష అక్షరాలకన్నా ముందొచ్చింది.
మిల్లు కిటికీలోంచి మూర్ కనిపించేదని చెప్పింది ఒకసారి.
ఆదివారం వచ్చేది.
ఆదివారానికి కాళ్లు మిగిలేవి కావు.

ఈ గుంటలు ఆమెవేనని ఎవరన్నారు?
ఎన్ని మిల్లులు, ఎన్ని చెక్క అడుగుల జోళ్లు.
అయినా బూటు పెట్టి చూశాను. పట్టలేదు.
నా పాదం పెద్దది, ఆ గుంట చిన్నపిల్లది.
కాలు తీసేసి పక్క నుంచి దాటాను,
నల్లమన్నులో చీలమండ దాకా దిగబడుతూ.

వెనక నుంచి ఎడ్విన్ అందుకున్నాడు.
"మోకాలా?" అన్నాడు, ఆశగా.
అవునన్నాను.
పాపం, తన కర్ర నా చేతిలో పెట్టి
ఆపరేషన్ బల్ల మీది నుంచి కథ మళ్లీ ఎత్తుకున్నాడు.
ఈసారి అంతా విన్నాను.

టీ కొట్టు నిండా కప్పుల మోత, తడి కుక్కల వాసన.
ఆ చివరి బల్ల నుంచి డోర్కస్
కొత్త కరపత్రం చిత్తుప్రతి పైకెత్తి చూపించింది,
ఒక వేలు, రెండు వేళ్లు, కనుబొమలెత్తి:
బూటు ఒకటే ఉంచనా, రెండు చెయ్యనా?

అరిచినా వినబడదు.
పెదాలు పెద్దవి చేసి, గొంతు లేకుండా
ఒకటే ఉంచు, అన్నాను.
రాసుకుంది.